మాట్లాడ్డం మానేసిన టాక్ టాక్

మొన్నామధ్య ఆఫీసులో రాత్రిపూట రిలీజ్ పడింది. బిల్డు పూర్తయ్యేదాకా చేసేదేం లేదు. కాఫీ మిషన్లో కాఫీ కూడా అయిపోయింది. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు పక్కన కూర్చుని "ఎప్పుడు చూసినా చెవుల్లో అవి పెట్టుకునే ఉంటావు, అంతలా ఏం వింటావన్నా?" అన్నాడు. ఇలా అడిగేవాళ్ళ కోసమే కాచుక్కూర్చుంటాన్నేను. వెంటనే మార్క్ హాలిస్ సోలో ఆల్బమ్ పెట్టి హెడ్‌ఫోన్స్ వాడి చేతికిచ్చాను. వాడు కాసేపు విన్నాడు. తీసి, వైరు కదిపి చూశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "అన్నా, ఇది పోయినట్టుంది, ఏం రావట్లేదు" అన్నాడు.

పోలేదు. ఆ ఆల్బమ్ మొదలయ్యేదే అలా. మొదటి పాటకి ముందు కొన్ని సెకన్లు ఉత్త నిశ్శబ్దం. ఎవరీ మనిషి, ఎందుకిలా చేశాడు అంటే చాలా ఏళ్ళు వెనక్కెళ్ళాలి, టాక్ టాక్ అనే బ్యాండు గురించి చెప్పాలి. మొదలుపెట్టాను. నేను ఎప్పుడూ చెప్పే కథే, ఇలా ఉంటుంది: పాప్ పాటలు పాడి బోలెడు సంపాదించిన ఒక బ్యాండుకి ఒకరోజు జ్ఞానోదయమైంది. ఎవడూ కొనని ఒక అద్భుతం చేసి కంపెనీ చేతిలో పెట్టారు. దుర్మార్గపు కంపెనీ "ఇది అమ్ముడుపోదు" అని కోర్టుకీడ్చింది. కళాకారుడు గెలిచాడు. ఆ తర్వాత సంగీతమే వదిలేసి మౌనముని అయిపోయాడు.

అచ్చం మన సినిమాలా ఉంది కదా. హీరో ఉన్నాడు, విలనున్నాడు, క్లైమాక్సులో కోర్టు సీనుంది. దీన్ని కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. ఆ రాత్రి మాత్రం సగం చెప్పాక ఎందుకో నాకే వెగటు పుట్టింది. ఇందులో నిజమెంతో, మన ముచ్చట తీరడానికి మనం కలుపుకున్నదెంతో ఈపాటికి నాకు తెలుసు మరి. నా మటుకు నాకు ఇప్పుడేమనిపిస్తుందంటే, ఈ కథ చెప్పి హాలిస్‌ని పొగుడుతున్నామనుకుంటూ అతను చేసిన పనిని చిన్నబుచ్చుతున్నాం.

సరే, మొదట్నుంచీ వద్దాం.

1981లో లండన్‌లో నలుగురు కుర్రాళ్ళు కలిశారు. పాడేదీ రాసేదీ మార్క్ హాలిస్. డ్రమ్స్ లీ హారిస్, బేస్ గిటార్ పాల్ వెబ్, కీబోర్డులు సైమన్ బ్రెన్నర్. హారిస్, వెబ్ ఇద్దరూ సౌతెండ్‌కి చెందిన పాత స్నేహితులు. హాలిస్ 1955లో టాటెన్‌హామ్‌లో పుట్టాడు. అతనికి ఎడ్ అని ఒక అన్న ఉండేవాడు. ఎడ్డీ అండ్ ది హాట్ రాడ్స్ అనే బ్యాండుని నడిపించింది ఈ అన్నే. తమ్ముడికి ఈ లోకంలోకి దారి చూపించింది కూడా అతనే. పంక్ హోరు నడుస్తున్న రోజుల్లో హాలిస్ ది రియాక్షన్ అని ఒక బ్యాండు పెట్టాడు. 1978లో ఒక సింగిల్ వచ్చింది, అంతటితో సరి. ఆ రోజుల్లో చేసిన ఒక పాట పేరు 'టాక్ టాక్ టాక్ టాక్'. అందులో సగం కోసేసి కొత్త బ్యాండుకి పేరు పెట్టుకున్నారు. (తగ్గించే జబ్బు అప్పుడే మొదలైందన్నమాట :))

వీళ్ళని తీసుకున్న కంపెనీ ఈఎంఐ. మన ఇళ్ళల్లో గ్రామఫోను ముందు కుక్క కూర్చున్న బొమ్మతో హెచ్.ఎం.వి. రికార్డులుండేవి గుర్తున్నాయా? ఆ రికార్డులు చేసిన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా ఒకప్పుడు ఈ ఈఎంఐకి పిల్ల కంపెనీయే. ఇంగ్లండ్‌లో అప్పటికి ఈఎంఐ దగ్గర డ్యురాన్ డ్యురాన్ అనే బ్యాండు పాలిచ్చే గేదెలా ఉంది. ఇంకో గేదె కావాలనుకున్నారు. వాళ్ళ ఆల్బమ్ చేసిన కాలిన్ థర్స్టన్ చేతే వీళ్ళ మొదటి ఆల్బమ్ చేయించారు, వాళ్ళ టూర్లోనే వీళ్ళని ముందు పాడించారు. పేరు కూడా వాళ్ళదీ జంట పేరే, వీళ్ళదీ జంట పేరే. 1982లో 'ది పార్టీస్ ఓవర్' వచ్చింది. 'టుడే' అనే పాట ఇంగ్లండ్‌లో 14వ స్థానం దాకా వెళ్ళింది. ఆల్బమ్ నిండా సింథసైజర్లే. హాలిస్‌కి ఆ వాద్యమంటేనే పడదు. అసలైన వాద్యగాళ్ళని పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి సర్దుకుంటున్నామని ఏమీ దాచుకోకుండా చెప్పేవాడు.

ఈ 'స్తోమత' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. అభిమానులు దీన్ని గబగబా దాటేస్తారు.

1983లో బ్రెన్నర్ వెళ్ళిపోయాడు. టిమ్ ఫ్రీజ్-గ్రీన్ వచ్చాడు, ప్రొడ్యూసర్‌గా. (మన సినిమా ప్రొడ్యూసర్ కాదు. అక్కడ రికార్డు ప్రొడ్యూసరంటే డబ్బు పెట్టేవాడు కాదు, పాట చివరికి ఎలా వినిపించాలో దగ్గరుండి చూసుకునేవాడు.) ఇతను అంతకుముందు ఏం చేశాడో తెలుసా? టైట్ ఫిట్ అనే బృందంతో 'ది లయన్ స్లీప్స్ టునైట్' చేశాడు. 1982లో ఇంగ్లండ్‌లో నంబర్ వన్. అడవి వేషాలేసుకుని చిందులేసే పాట. తర్వాత్తర్వాత ప్రపంచంలోకెల్లా నిశ్శబ్దమైన రాక్ ఆల్బముల్లో సగం చెయ్యి ఈయనదే! పేరుకి బ్యాండులో సభ్యుడు కాడు, ఫొటోల్లో ఉండడు. పాటల రచనలో మాత్రం హాలిస్ పక్కన అతని పేరుంటుంది. కథల్లో ఇతని పేరు ఎప్పుడూ చివరి వరసలోనే వస్తుంది. ఏకాకి మేధావి కథలో ఇద్దరికి చోటు ఉండదు కదా.

1984లో 'ఇట్స్ మై లైఫ్'. పేరు పెట్టిన పాట ఇంగ్లండ్‌లో అప్పట్లో 46 దగ్గరే ఆగింది గానీ అమెరికాలో 31 దాకా వెళ్ళింది. 'సచ్ ఎ షేమ్' యూరప్‌లో మోత మోగించింది, స్విట్జర్లాండ్‌లో ఏకంగా మొదటి స్థానం. పాచికలేసి బతుకులో ప్రతి నిర్ణయమూ తీసుకునే మనిషి గురించి 'ది డైస్ మ్యాన్' అని ఒక నవలుంది, దాన్ని చదివి రాసిన పాట ఇది. 'ఇట్స్ మై లైఫ్' వీడియో టిమ్ పోప్ తీశాడు. పాట వస్తున్నంతసేపూ జంతువులు పరిగెడుతుంటాయి, హాలిస్ లండన్ జూలో నోరు మూసుకుని నిలబడి ఉంటాడు. పెదాలు కదపడు. పైగా ఆ నోటి మీద గీతలు గీసి మరీ మూశారు. కంపెనీ లబలబలాడి మళ్ళీ తీయించింది. రెండోసారి పెదాలు కదిపారు, ఎలాగంటే చూసేవాళ్ళకి వెక్కిరిస్తున్నారని తెలిసిపోయేలా. పనిలో అక్కర్లేని మార్పు చెయ్యమని పైనుంచి వస్తే నేనూ ఇలాగే చెయ్యాలనుకుంటాను. చెయ్యను. చెప్పింది చేసి పంపించేస్తాను.

ఇక్కడ నా మొదటి తకరారు. టాక్ టాక్ అభిమానుల్లో ఒక తెగ ఉంది. "మొదటి రెండు ఆల్బములు వినక్కర్లేదు, అవి సంపాదన కోసం చేసినవి, మూడోది ఫర్వాలేదు, నాలుగోదాంతోనే అసలు బ్యాండు మొదలైంది" అంటారు. నేనూ కొన్నేళ్ళు ఆ తెగలోనే ఉన్నాను. ఇప్పుడది నాకు ఒట్టి డాబుగా కనిపిస్తోంది. 'ఇట్స్ మై లైఫ్'లో బేస్ గిటార్ వినండి. 'సచ్ ఎ షేమ్' చివర్లో ఆ గొంతు పగిలే చోటు వినండి. తర్వాతి ఆల్బములు పాడిందీ ఆ గొంతే. పైపెచ్చు ఆ పాటలు యూరప్‌లో తెచ్చిన డబ్బుతోనే మూడో ఆల్బమ్‌లో సింథసైజర్లు పక్కనపెట్టి మనుషుల్ని పిలవగలిగారు. స్టీవ్ విన్‌వుడ్ వచ్చి ఆర్గన్ వాయించాడు, డానీ థాంప్సన్ డబుల్ బేస్ తెచ్చాడు. 1986లో 'ది కలర్ ఆఫ్ స్ప్రింగ్'. ఇంగ్లండ్‌లో 8వ స్థానం, అందులోని 'లైఫ్స్ వాట్ యు మేక్ ఇట్' 16వ స్థానం. వాళ్ళ ఆల్బములన్నిట్లోకీ బాగా అమ్ముడైంది ఇదే. ఆ ఏడాది మాంట్రో ఉత్సవంలో వాయించారు, సెప్టెంబరులో స్పెయిన్‌లో టూరు ముగించారు. ఆ తర్వాత టాక్ టాక్ మళ్ళీ వేదికెక్కలేదు. ఎప్పటికీ.

హిట్టు కొట్టిన బ్యాండుకి కంపెనీ ఏమిస్తుంది? డబ్బు, టైము. ఈఎంఐ రెండూ ఇచ్చింది. అడిగినంత. ఇక్కడే మన కథలో విలను కాస్త తేడాగా కనిపిస్తాడు. వినండి.

లండన్‌లో వెసెక్స్ స్టూడియోస్ అని ఉండేది. ఒకప్పటి చర్చి హాలు. సెక్స్ పిస్టల్స్ ఆల్బమ్, క్లాష్ వాళ్ళ 'లండన్ కాలింగ్', కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్, ఇవన్నీ అక్కడ చేసినవే. 1987లో హాలిస్, ఫ్రీజ్-గ్రీన్, హారిస్, వెబ్ అందులో దూరారు. ఇంజనీరు ఫిల్ బ్రౌన్. దీపాలన్నీ తీసేశారు. గోడల మీద రంగు నూనెల నీడలు పాకించే ప్రొజెక్టరొకటి, డ్రమ్స్ దగ్గర మినుకుమినుకుమనే స్ట్రోబ్ లైటొకటి, అంతే వెలుతురు. రోజుకి పన్నెండేసి గంటలు, నెలల తరబడి, అవే ఆరు పాటలు. గడియారంతో పనిలేదు. ఫిల్ బ్రౌన్ ఆ తర్వాత ఒక పుస్తకం కూడా రాశాడు, ఆ గదిలో బుర్రలు ఎలా తిరిగాయో అతని మాటల్లో చదవాలి.

పని చేసిన పద్ధతి ఇంకా వింత. వాద్యగాణ్ణి పిలుస్తారు. చీకట్లో కూర్చోబెడతారు. ఏం వాయించాలో చెప్పరు. ఏదో ఒకటి వాయించమంటారు. అతను గంటలు గంటలు వాయిస్తాడు. వెళ్ళిపోతాడు. ఆ తర్వాత వీళ్ళు కూర్చుని ఆ గంటల్లోంచి కొన్ని సెకన్లు తీసుకుంటారు. అది కూడా అతను బాగా వాయించాననుకున్న చోటు కాదు. తడబడ్డ చోటు, శ్రుతి సరిచేసుకుంటున్న చోటు, ఊపిరి తీసుకున్న చోటు. ఆ ముక్కల్ని ఒక్కోటీ పాటలో ఎక్కడ పెట్టాలో వెతికి అతుకుతారు. నైజెల్ కెనడీ వయొలిన్, మార్క్ ఫెల్తమ్ మౌతార్గన్, హెన్రీ లౌథర్ ట్రంపెట్, చెమ్స్‌ఫర్డ్ కెథీడ్రల్ పిల్లల కోరస్, అన్నీ అలా కోసుకుని వచ్చినవే. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. కాకపోతే ఆ ఎలుకను చూశాక కొండ పోయినందుకు బాధ ఉండదు, అదీ సంగతి.

ఈ పద్ధతికి టేపులు కావాలి, స్టూడియో అద్దె కావాలి, వచ్చిన ప్రతివాడికీ కూలి ఇవ్వాలి.. పారేసిన గంటలకి కూడా. స్తోమత అన్నది ఇందుకే. ఆ నిశ్శబ్దం చవగ్గా వచ్చిన నిశ్శబ్దం కాదు. పాప్ పాటలు సంపాదించి పెడితే, ఒక పెద్ద కంపెనీ నెలల తరబడి ఖర్చు భరిస్తే వచ్చిన నిశ్శబ్దం. బీద కళాకారుడు గుడిసెలో కూర్చుని 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' చెయ్యలేడు. హాలిస్ గొప్పతనం మార్కెట్‌ని కాదనడంలో లేదని నేనంటాను. మార్కెట్ ఇచ్చిన ప్రతి పైసానీ తీసుకుని, వాళ్ళు ఊహించని చోట ఖర్చు పెట్టడంలో ఉంది. అందుకు కావలసిన తెగువ మామూలుది కాదు. ఇంకో 'ఇట్స్ మై లైఫ్' చేసి పడేస్తే జీవితాంతం కూర్చుని తినొచ్చు. ఆ లెక్క తెలియనంత అమాయకుడు కాదతను.

1988 సెప్టెంబరులో ఆల్బమ్ విడుదలైంది. ఆరు పాటలు, అందులో మొదటి మూడూ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి ఒకే పాటలా నడుస్తాయి. మొదట చాలాసేపు ఏదో దూరంగా ఊరి చివర ఎవరో వాయిస్తున్నట్టుంటుంది. ఉన్నట్టుండి ఒక మౌతార్గన్, ఇనప తలుపు కీచుమన్నట్టు. అది తగ్గాక గొంతు వస్తుంది. మాటలు సగం అర్థం కావు, మింగేస్తుంటాడు. 'డిజైర్'లో అంత నెమ్మదీ ఒక్కసారిగా బద్దలవుతుంది, వాల్యూమ్ పెంచుకుని విన్నవాడి పని అంతే. 'ఐ బిలీవ్ ఇన్ యు' హెరాయిన్ గురించిన పాట. హాలిస్ అన్న ఎడ్ ఆ మత్తు బారినే పడ్డాడు, 1989లో పోయాడు. ఆ పాట గురించి ఇంతకంటే విశ్లేషించాలని నాకనిపించదు.

ఇప్పుడు కంపెనీ సీట్లో కూర్చుని చూడండి. చేతికొచ్చిన దాంట్లో రేడియోకి ఇవ్వడానికి ఒక్క పాట లేదు. టూరు చెయ్యమంటే హాలిస్ ససేమిరా అన్నాడు. చీకట్లో అనుకోకుండా దొరికిన ముక్కల్ని వేదిక మీద మళ్ళీ వాయించమంటే అది నకలవుతుంది గానీ సంగీతం కాదని అతని వాదన. న్యాయమే. కానీ అమ్మాల్సినవాడి పరిస్థితేంటి? చివరికి 'ఐ బిలీవ్ ఇన్ యు'నే కుదించి సింగిల్‌గా వేశారు. అది 75 లోపు కూడా రాలేదు. అయినా సరే ఆల్బమ్ 19వ స్థానం దాకా వెళ్ళింది. ఇంకోటి గమనించండి, ఈఎంఐ దాన్ని అటకెక్కించలేదు. ఆల్బమ్‌ని ముట్టుకోకుండా వాళ్ళు చేసింది చేసినట్టే విడుదల చేసింది.

మరి కోర్టు కేసు? సర్వీసు కంపెనీల్లో పనిచేసినవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. కాంట్రాక్టు ప్రకారం ఈ ఆల్బమ్ పూర్తయిన మూడు నెలల్లోపు ఈఎంఐ చెప్పాలి, ఇంకా కొనసాగిస్తామని. బ్యాండు ఏమందంటే: మేం పని పూర్తి చేసి ఇచ్చేశాం, మూడు నెలలూ అయిపోయాయి, మీరు అడగలేదు, ఇక మా దారి మాది. ఈఎంఐ ఏమందంటే: మీరిచ్చింది మాకు తృప్తిగా లేదు, కాబట్టి అది పూర్తయినట్టు కాదు, కాబట్టి గడువు ఇంకా మొదలవ్వనే లేదు. అంతే! డెలివరీ అయిందా లేదా, సైన్-ఆఫ్ ఎప్పుడు, 'డన్' అంటే అర్థమేంటి. మనం ప్రతి ప్రాజెక్టులో క్లయింటుతో కొట్టుకునే కొట్లాటే లండన్‌లో జడ్జీల ముందు నడిచింది. మొదటి తీర్పు ఈఎంఐ వైపు వచ్చింది. అప్పీల్లో తిరగబడి బ్యాండు గెలిచింది, విడిపోయారు.

తమాషా చూశారా? మన కథలో కంపెనీ వీళ్ళని "పొండి" అని గెంటేసింది. కేసులో మాత్రం పోతామన్నది వీళ్ళు, పోనివ్వమన్నది కంపెనీ. అర్థంకాని ఆల్బమ్ ఇచ్చినవాళ్ళని కూడా వదులుకోవడానికి ఇష్టపడలేదు. ప్రేమతో అననులెండి. వీళ్ళు మళ్ళీ దారికొచ్చి ఒక హిట్టు ఇస్తారని ఆశ.

ఈఎంఐని నేనేం వెనకేసుకు రావట్లేదు. వీళ్ళు వెళ్ళిపోయాక అది చేసిన పనులు అసహ్యంగానే ఉన్నాయి. 1990లో పాత హిట్లన్నీ మూటగట్టి 'నేచురల్ హిస్టరీ' పేరుతో వదిలితే ఇంగ్లండ్‌లో 3వ స్థానానికి వెళ్ళింది. టాక్ టాక్‌కి వాళ్ళ దేశంలో దొరికిన అతి పెద్ద విజయం వాళ్ళు చెయ్యని ఆల్బమ్! అప్పుడే 'ఇట్స్ మై లైఫ్' మళ్ళీ విడుదలై 13కి ఎక్కింది. ఆ ఊపులో 1991లో పాటల్ని ఎవరెవరితోనో డాన్స్ పాటలుగా మార్పించి ఇంకో ఆల్బమ్ వదిలారు, వీళ్ళనొక్క మాట అడగకుండా. ఒక్కో చప్పుడు కోసం రోజులు రోజులు వెతికే మనిషి పాటకి ఎవడో డప్పు తగిలించి అదే పేరుతో అమ్మితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఈసారి వీళ్ళే కేసు వేశారు. ఈఎంఐ ఆ కాపీలు వెనక్కి తీసుకుని నాశనం చెయ్యాల్సొచ్చింది. విలనిజం కావాలంటే ఇక్కడుంది. అభిమానులు దీని గురించి ఎక్కువ మాట్లాడరు, మొదటి కేసులో ఉన్న మసాలా ఇందులో లేదు మరి.

వెబ్ మానేశాడు. మిగిలినవాళ్ళు పాలిడోర్ వాళ్ళ వర్వ్ లేబుల్‌కి మారారు, జాజ్ దిగ్గజాల లేబుల్ అది. మళ్ళీ అదే వెసెక్స్, అదే చీకటి, అదే ఫిల్ బ్రౌన్. ఈసారి ఇంకా ఘోరం. యాభైమంది దాకా వచ్చి వాయించారు, ఆల్బమ్‌లో మిగిలింది పద్దెనిమిదిమంది. 1991లో 'లాఫింగ్ స్టాక్' వచ్చింది, 26వ స్థానం. 'ఆఫ్టర్ ది ఫ్లడ్' మధ్యలో ఒకే స్వరం పట్టుకుని అలా అరుస్తూనే ఉండే భాగమొకటుంది, రంపం పెట్టి కోస్తున్నట్టుంటుంది, అయినా ఆపబుద్ధి కాదు. 'అసెన్షన్ డే' కరెంటు పోయినట్టు మధ్యలో తెగిపోతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు ఫైలు పాడైందనుకుని ఇంకోచోటి నుంచి తెచ్చుకున్నాను. అదీ అక్కడే తెగింది. (హెడ్‌ఫోన్ పోయిందన్న కుర్రాణ్ణి చూసి నవ్వే అర్హత నాకు లేదని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.)

ఒక మాట చెప్పాలి. ఆ మిగిలిన ముప్ఫై చిల్లర మంది గుర్తొస్తే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. పిలిస్తే వచ్చారు, చీకట్లో గంటల తరబడి వాయించారు, తీసి అవతల పారేశారు. డబ్బిచ్చారు, నిజమే. మూడు నెలలు రాసిన మాడ్యూలుని ఎవరో ఒక్క క్లిక్కుతో తీసేస్తే జీతం పడిందిగా అని మనం ఊరుకుంటామా? మహా సంగీతం కోసం కాబట్టి ఏమైనా చెయ్యొచ్చు అనే వాదన నాకెప్పుడూ మింగుడుపడదు. అయితే 'లాఫింగ్ స్టాక్' వింటున్న నలభై నిమిషాలూ ఈ అభ్యంతరం నాకు గుర్తుండదు. అదీ నిజమే.

1992కల్లా బ్యాండు ముగిసిపోయింది. 1994లో సైమన్ రేనాల్డ్స్ అనే విమర్శకుడు బార్క్ సైకోసిస్ అనే బ్యాండు గురించి రాస్తూ 'పోస్ట్-రాక్' అని ఒక మాట వాడాడు. ఆ మాట కింద చేరినవాళ్ళలో చాలామంది టాక్ టాక్ చివరి రెండు ఆల్బముల్నే మూలంగా చూపిస్తారు. హారిస్, వెబ్ కలిసి ఓ.రాంగ్ పేరుతో రెండు ఆల్బములు చేశారు. తర్వాత వెబ్ రస్టిన్ మ్యాన్ అయ్యి పోర్టిస్‌హెడ్ గాయని బెత్ గిబన్స్‌తో 2002లో 'అవుట్ ఆఫ్ సీజన్' చేశాడు, అదొక్కటీ తప్పక వినాల్సింది.

హాలిస్ 1998లో తన పేరుతో ఒకే ఒక్క ఆల్బమ్ చేశాడు. కరెంటు వాద్యాలు అసలే లేవు. గదిలో రెండు మైకులు పెట్టి అందరూ ఒకేచోట కూర్చుని వాయిస్తున్నట్టుంటుంది. కుర్చీ కిర్రుమనడం కూడా వినిపిస్తుంది. అందులో 'ఎ లైఫ్ (1895-1915)' అనే పాట మొదటి ప్రపంచయుద్ధంలో ఇరవయ్యేళ్ళకే చనిపోయిన రోలండ్ లైటన్ గురించి, వెరా బ్రిటన్ ప్రేమించిన కుర్రాడు. నిశ్శబ్దంతో మొదలైన ఆల్బమ్ నిశ్శబ్దంతోనే ముగుస్తుంది. ఆ తర్వాత హాలిస్ ఇంటికి వెళ్ళిపోయాడు.

మౌనముని అంటారు చూడండి, దాని దగ్గరే నా అసలు గొడవ. అతనేం రహస్యంగా మాయమవలేదు. కారణం చెప్పే వెళ్ళాడు. టూర్లు తిరుగుతూ మంచి తండ్రిగా ఉండటం తనవల్ల కాదన్నాడు, కుటుంబాన్ని ఎంచుకున్నానన్నాడు. ఇందులో అర్థంకానిదేముంది? ఇద్దరు కొడుకులు, వాళ్ళని పెంచుకోవాలి. మనకది చాలదు. ఒక మనిషి పిల్లల్ని స్కూల్లో దింపడానికి సంగీతం మానేశాడంటే చప్పగా ఉంటుంది. కాబట్టి "అతను నిశ్శబ్దాన్ని చేరుకున్నాడు, ఆ తర్వాత చెప్పడానికేం మిగల్లేదు" అని తత్వం కలుపుతాం.

నేనూ కలిపాను. అంతేకాదు, ఎదురుచూశాను. ఏటా ఒకసారైనా వెతికేవాణ్ణి, కొత్త ఆల్బమ్ ఏమైనా వస్తోందా అని. 2003లో నో డౌట్ వాళ్ళు 'ఇట్స్ మై లైఫ్' మళ్ళీ పాడితే అమెరికాలో పదో స్థానానికి వెళ్ళింది, ఆ సందట్లోనైనా బయటికొస్తాడేమో అనుకున్నాను. రాలేదు. 2012లో 'బాస్' అనే అమెరికన్ సీరియల్‌కి ఒక చిన్న ముక్క చేశాడు. నేను ఇక రెండో ఇన్నింగ్స్ అని పండగ చేసుకున్నాను. అదే ఆఖరు. 2019 ఫిబ్రవరిలో పోయాడు, 64 ఏళ్ళు.

ఆ వార్త చదివిన రోజు నాకు బాధకంటే ముందు కలిగిన ఆలోచన "అయ్యో, ఇక ఆల్బమ్ రాదు" అని. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మా అమ్మాయి స్కూల్లో మొదటిసారి స్టేజీ ఎక్కిన రోజు ప్రొడక్షన్‌లో ఏదో పడిపోయిందని నేను వెళ్ళలేదు. ఆ రోజు పడిపోయింది ఏంటో కూడా ఇప్పుడు గుర్తులేదు. అలాంటి నేను, పిల్లల కోసం ఇంటికెళ్ళిన మనిషి తలుపు దగ్గర ఇరవయ్యేళ్ళు నిలబడి ఇంకో ఆల్బమ్ ఎప్పుడని అడిగాను. అతనికి వినపడలేదు కాబట్టి సరిపోయింది. అతను ఇచ్చినవి అయిదు బ్యాండువి, ఒకటి సొంతది, మొత్తం ఆరు ఆల్బములు. డెలివరీ ఎప్పుడో పూర్తయింది. సైన్-ఆఫ్ చెయ్యకుండా కూర్చున్నది నేను.

కుర్రాడికి ఆ రాత్రి ఈ సోదంతా చెప్పలేదులెండి. హెడ్‌ఫోన్స్ వెనక్కి తీసుకుని 'ఇట్స్ మై లైఫ్' పెట్టిచ్చాను. "ఇది నాకు తెలుసన్నా, ఎవరో అమ్మాయి పాడింది కదా" అన్నాడు. ఆ అమ్మాయికంటే ముందు పాడింది వీళ్ళే అన్నాను. ఇంకోసారి విన్నాడు.

వినాలనుకునేవాళ్ళకి నా సలహా: ఆ తెగవాళ్ళ మాట పట్టించుకోకుండా 1984 నుంచి వరసగా రండి. 'ఇట్స్ మై లైఫ్', 'ది కలర్ ఆఫ్ స్ప్రింగ్', 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్', 'లాఫింగ్ స్టాక్', చివరికి హాలిస్ సోలో. వారానికొకటి చాలు. పనిచేసుకుంటూ వినేవి కావు, మూడోదాన్నుంచీ రాత్రిపూట, లైటు తీసేసి. 'డిజైర్' వచ్చేసరికి మాత్రం వాల్యూమ్ కాస్త తగ్గించుకోండి, ఇంట్లోవాళ్ళు లేస్తారు.